సూది ఎవరు వేస్తే ఏంటి, మందు మందే కదా?

మొన్న కూడా అదే మాట. రావులపాలెం దాటాక ఒక కొబ్బరితోటలో, ఈని మూడు వారాలైన గేదె మేత మానేసి నిలబడి ఉంది, ఉచ్చ కాఫీ డికాషన్ రంగులో పోస్తోంది. "డాక్టర్ గారూ, రక్తం కట్టే సూది ఒకటి వేసెయ్యండి, పాలకేంద్రం టైమ్ అయిపోతోంది" అన్నాడు రైతు. నేను డాక్టర్ని కాదండీ, పశుసంవర్ధక సహాయకుణ్ణి, దీన్ని డాక్టర్ గారే చూడాలి అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. "సూది వెయ్యడం రాదేంటి బాబూ నీకు?"

సూది వెయ్యడం వచ్చు. అయితే అక్కడ రక్తం కారడం లేదు, ఒంట్లో ఎర్ర కణాలు పగిలి వాటి రంగు ఉచ్చలో వస్తోంది. ఈనిన కొత్తలో భాస్వరం తగ్గినా అలాగే ఉంటుంది, పిడుదుల వల్ల వచ్చే బబేసియా జ్వరంలోనూ అలాగే ఉంటుంది, రెండింటికీ మందు వేరు. అది తేల్చడానికి డాక్టర్ గారు అయిదున్నరేళ్లు చదివారు. నాది రెండేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కూడా మాలాంటి వాళ్లకి టీకాలు, గాయాలకి కట్లు, విత్తులు కొట్టడం, ప్రథమ చికిత్స లాంటివే ఇచ్చింది, అవీ రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో. "ఇది నా పరిధి కాదు" అని సహాయకుడు అంటే చేతకాక అంటున్నాడనో, డబ్బుకి బెట్టు చేస్తున్నాడనో అనుకోకండి. పశువు బతకాలనే అంటున్నాడు.

ఇంతకన్నా ఎక్కువ పశువుల్ని తినేసే అపోహ ఇంకోటుంది: ముందు ఎవరు ఏం వేశారో చెప్పకపోయినా ఫర్వాలేదు అనుకోవడం.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రాత్రి తొమ్మిది దాటాక ఒక లంక నుంచి ఫోన్. గేదె ఈని రెండో రోజు, లేవట్లేదు, మెడ డొక్క మీదకి వాల్చేసింది, చెవులు చల్లగా ఉన్నాయి. చూడగానే పాల జ్వరం, అంటే ఈనిన కొత్తలో ఒంట్లో కాల్షియం పడిపోవడం, అనిపించింది. డాక్టర్ గారికి ఫోన్ కలవలేదు. ఇంటావిడ నా చేతులు పట్టుకుని ఏడుస్తోంది, చుట్టూ పదిమంది "ఎక్కించెయ్ బాబూ, ఎక్కించెయ్" అంటున్నారు, నేనూ ఆ తొందరలో పడిపోయి కాల్షియం సీసా దూలానికి కట్టి నరానికి పెట్టేశాను. కాల్షియం ఎక్కువైతే గుండె ఆగిపోతుంది, అందుకే నరంలోకి చాలా నెమ్మదిగా, గుండె వింటూ, పావుగంటకు పైనే పట్టేలా ఎక్కించాలి. నేను అలా చెయ్యలేదు. సగం సీసా దిగేసరికి గేదె ఒక్కసారి విదిలించుకుని కాళ్లు చాపేసింది. తర్వాత గడ్డిమేటు పక్కన ఖాళీ సీసా కనిపించింది, ఆ సాయంత్రమే ఎవరో వచ్చి ఒకటి ఎక్కించి వెళ్లారట. నేను తిడతానని వాళ్లు చెప్పలేదు. నేను అడగలేదు. ఆ తప్పు నాదే, అడగడం నా పని. ఆ ఇంటికి నెలనెలా పాల డబ్బులు ఆ ఒక్క గేదె మీదే వచ్చేవి.

అప్పట్నుంచి పాకలో అడుగు పెట్టగానే మొదటి ప్రశ్న అదే, ఎవరైనా ఏమైనా వేశారా, ఎప్పుడు. చెబితే తిట్టను, ఒట్టు. నాటువైద్యుడు పోసిన పసరైనా, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్రైనా సరే చెప్పండి. ఖాళీ సీసా పారెయ్యకండి, దాని మీద పేరు ఉంటుంది. నేను వేసినదాన్ని కూడా టైమ్‌తో సహా చీటీ మీద రాసి ఇంట్లో ఇచ్చి వస్తాను, తర్వాత వచ్చేవాళ్లు ఎవరైనా దాన్ని చూసుకోవాలి కదా.

పాల సంగతి. పొదుగువాపుకి యాంటీబయాటిక్ ఇచ్చాక "కాగబెడితే మందు పోతుందిలే" అని పాలు పోసేస్తున్నారు. పోదు. ఆ పాలు సరిగ్గా తోడుకోకపోవడం మీరే చూసి ఉంటారు. ఎన్ని రోజులు పాలు ఆపాలో మందు లేబుల్ మీదే ఉంటుంది, అది మీకు చెప్పకుండా వెళ్లిన సహాయకుడు తన పని సగమే చేసినట్టు. మీకు నష్టమని తెలుసు, చెప్పడం నాకూ కష్టమే, కానీ ఆ పాలు తాగేది ఎవరో ఇంట్లో పసిపిల్లలే.

గేదె చేపడానికి, అంటే పాలు దిగడానికి, ఆక్సిటోసిన్ సూది వెయ్యమంటే వెయ్యను, ఎంతిచ్చినా. పశువుకి హాని చేసి పాలు పిండే ఇంజెక్షన్లు 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కూడా అడగొద్దు, అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకి 2006లోనే ఆపేశారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా. గాలికుంటు టీకాకి ఒకట్రెండు రోజులు పాలు తగ్గచ్చు, మళ్లీ వస్తాయి, దానికి భయపడి గేదెల్ని తోటలో దాచెయ్యకండి. పశువుల్లో గర్భస్రావం చేసే బ్రూసెల్లా జబ్బు టీకా మాత్రం 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకే, ఒక్కసారే, చూడి పశువుకి వెయ్యమని బతిమాలినా మేం వెయ్యకూడదు.

అర్ధరాత్రి పశువు పడిపోతే వచ్చే టెన్షన్ నాకు తెలుసు, అప్పుడు ఎవరు దొరికితే వాళ్లని పిలుస్తారు, అందులో తప్పులేదు. మా డాక్టర్ గారు దొరక్కపోతే 1962కి చెయ్యండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది. ఎర్ర ఉచ్చ గేదెకి డాక్టర్ గారు సాయంత్రం వచ్చి భాస్వరం లోపమే అని తేల్చి, మందు తనే నరానికి ఇచ్చారు. నాలుగో రోజు వెళ్లేసరికి పచ్చగడ్డి నములుతోంది. ఆ రైతు చీటీ తీసి చూపించాడు, దూలానికి గుచ్చి ఉంచాడు.