తాతయ్య కొట్టులో ఏ పెట్టెలుంటాయంటే

అమ్మడూ, చిన్నోడా,

"తాతయ్యా, నువ్వే హైఫై షాపు పెడితే ఏ కంపెనీలవి అమ్ముతావు?" అని అడిగారుగా. అదే, పాటను ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లు, రికార్డు ప్లేయర్ల కొట్టు. రెండు రోజులుగా అదే ఆలోచన.

అడుగు పెట్టగానే కనిపించేది ఒక చిన్న స్పీకర్ల జత. పేరు ఎల్.ఎస్. 3/5ఎ. 1970లలో బీబీసీ ఇంజినీర్లు తమకోసం చేసుకున్నవి. ఊళ్లు తిరిగే ప్రసారం వ్యానులో పెద్ద స్పీకర్లకు చోటెక్కడిది? అందుకే అడుగెత్తు పెట్టె చేశారు. స్పీకర్లను వాళ్లు ముఖ్యంగా మనిషి మాటతోనే పరీక్షించేవారు. అసలు గొంతు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి, రవ్వంత తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది.

నేను మొదటిసారి వాటిలో విన్నది ఘంటసాల గారి పద్యం. ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది! నలభై ఏళ్లుగా వింటున్న పద్యమది, ఆ ఊపిరి మాత్రం ఎన్నడూ వినలేదు. అయితే డప్పు మోత గుండెకు తగలదు. అంత చిన్న పెట్టె అంత గాలిని కదపలేదు. ఆ మాట కొనేవాళ్లకి ముందే చెబుతాను.

వాటి పక్కనే స్పెండర్. బీబీసీలో పనిచేసిన స్పెన్సర్ హ్యూజ్ 1969లో పెట్టిన కంపెనీ. తన పేరులో సగం, భార్య డొరోతీ పేరులో కొంత కలిపి ఆ పేరు పెట్టుకున్నాడు.

రికార్డు ప్లేయరంటే నాకు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వాళ్ల కంపెనీ లిన్ చేసే ఎల్.పి. 12. రికార్డు గాడిలో ముల్లు పట్టేది కంటికి ఆనని కదలికలు. మోటారు అదురు, నేల అదురు అందులో కలిస్తే పాట పాడైపోతుంది. అందుకే రికార్డు తిరిగే పళ్లెం, ముల్లున్న చెయ్యి రెండూ లోపల స్ప్రింగుల మీద ఉంటాయి. వేలితో మెల్లగా నొక్కితే ఉయ్యాలలా ఊగుతుంది. 1970ల మొదట్లో వచ్చిన ఈ యంత్రానికి ఇప్పటి కొత్త భాగాలు కూడా అమరుతాయి. నేనొకసారి ఆశపడి కొన్న ఆంప్లిఫయర్‌కి, అంటే పాటకు బలం పెంచి స్పీకర్లకు పంపే పెట్టెకి, మూడేళ్లకే భాగాలు దొరకలేదు. "కొత్తది తీసుకోండి" అన్నారు. అటకెక్కించేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అలాంటి సరుకు నా కొట్టులో ఉండదు.

ఆంప్లిఫయర్లలో నాడ్ కంపెనీ 3020 చాలు. ఇరవై వాట్లే, కానీ ఇంట్లో వినడానికి పుష్కలం.

దసరాకి రండి. నాయనమ్మ చేత నాలుగు మాటలు రికార్డు చేయించి ఉంచుతాను. ఆవిణ్ణి స్పీకరు పక్కనే కూర్చోబెడదాం. కళ్లు మూసుకుని ఏది పెట్టెలోంచి వస్తోందో, ఏది ఆవిడ నోటి వెంట వస్తోందో మీరే చెప్పాలి.

ఆశీస్సులతో,
తాతయ్య