అరకిలో జెట్

కొత్తగా రేడియో కంట్రోల్ జెట్ చేద్దామనుకునేవాళ్లు ముందు మోటారు గురించి అడుగుతారు. పవరెంత, స్పీడెంత అని. అడగాల్సింది బరువు గురించి. రెక్క వైశాల్యం మారకుండా బరువు పెరిగితే, విమానం గాల్లో నిలవడానికి కావలసిన కనీస వేగం ఆ బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. నేలను గుద్దేటప్పుడు ఉండే శక్తేమో బరువునూ, వేగం వర్గాన్నీ బట్టి ఉంటుంది. రెండూ కలిపితే గుద్దుడు శక్తి బరువు వర్గానికి అనులోమం అవుతుంది. 0.25 చదరపు మీటర్ల రెక్క ఉన్న 500 గ్రాముల జెట్ గంటకు సుమారు 23 కిలోమీటర్ల దాకా నెమ్మదించగలదు. అదే రెక్క మీద 850 గ్రాములు మోపితే 30 దగ్గరే పడిపోతుంది, పడ్డప్పుడు దెబ్బ దాదాపు 3 రెట్లు. మొదటి విమానం ఎలాగూ పడుతుంది. పడ్డాక టేపు వేసి మళ్లీ ఎగరేస్తారా, చెత్తలో వేస్తారా అన్నది ఈ లెక్కే తేలుస్తుంది.

పేరు జెట్టే కానీ నేర్చుకునే మోడల్‌లో ఉండేది వెనక బిగించిన మామూలు ప్రొపెల్లరు. నిజం జెట్‌లా గొట్టంలో ఫ్యాన్ తిరిగే ఈడీఎఫ్ మోటార్లు దొరుకుతాయి, చప్పుడు కూడా అచ్చం జెట్‌లాగే ఉంటుంది. కానీ తోపు (విమానాన్ని ముందుకు నెట్టే బలం) పుట్టించాలంటే గాలిని వెనక్కి నెట్టాలి. ఎక్కువ గాలిని మెల్లగా నెడితే కరెంటు తక్కువ పడుతుంది, కొద్ది గాలిని జోరుగా నెడితే ఎక్కువ పడుతుంది. 64 మి.మీ. ఫ్యాన్‌తో 700 గ్రాముల తోపు తీయాలంటే, 6 అంగుళాల ప్రొపెల్లరుతో పోలిస్తే, సిద్ధాంతం ప్రకారమే సుమారు రెట్టింపు పవరు కావాలి. దానికి పెద్ద బ్యాటరీ, ఆ బ్యాటరీతో ఇంకా బరువు. ఈడీఎఫ్‌ను రెండో విమానానికి ఉంచుకోండి.

ఇక ఫోమ్. మోడల్ విమానాల వాళ్లు మెచ్చుకునే డెప్రాన్ షీటు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో అడిగితే దొరక్కపోవచ్చు. స్టేషనరీ షాపుల్లో దొరికేది రెండు పక్కలా కాగితం అంటించిన ఫోమ్ బోర్డు, ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లో దొరికేది సన్‌బోర్డు. చూపుకు రెండూ తెల్లగా, 5 మి.మీ. మందంతో ఒకేలా ఉంటాయి. మోసపోయేది ఇక్కడే. పీవీసీ సన్‌బోర్డు చదరపు మీటరుకు 2 కిలోల పైమాటే. దాంతో కోస్తే ఉత్త ముక్కలే దాదాపు కిలో తూగుతాయి, ఆ జెట్ ఎగరదు. షాపులో 20 సెం.మీ. చదరం ముక్క అడిగి, మిల్లీగ్రాములు కూడా చూపే త్రాసు ఉన్న కంసాలి దుకాణంలో తూయించండి. డెప్రాన్ రకమైతే 8 నుంచి 10 గ్రాములు, మంచి ఫోమ్ బోర్డయితే 12 నుంచి 18. 20 దాటితే వద్దు. పీవీసీ అయితే 80 నుంచి 100 చూపిస్తుంది. గుళికల థర్మాకోల్ తేలికే గానీ పెళుసు. రెక్కకు వాడాల్సి వస్తే అంచులన్నిటికీ ప్యాకింగ్ టేపు చుట్టాలి.

కొలతలు ఇవి. ముందు నుంచి వెనక్కి కొలిస్తే, మధ్య గీత దగ్గర రెక్క పొడవు 60 సెం.మీ., కొస దగ్గర 14. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 68. వెనక అంచు సూటిగా ఉంటుంది, ముందు అంచు వాలుగా వస్తుంది. వైశాల్యం దాదాపు 0.25 చదరపు మీటర్లు. రెక్క మొదలుకు, అంటే మధ్య గీత మీద రెక్క ముందు కొసకు, ముందు 20 సెం.మీ. ముక్కు. ముక్కు కొస నుంచి రెక్క మీదికి 15 సెం.మీ. దాకా, 6 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉండే ఫోమ్ పెట్టె కట్టాలి. బ్యాటరీ, ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), రిసీవరు (రేడియో సంకేతాలు అందుకునేది) అందులోకే. రెక్క మొదలు నుంచి 33 సెం.మీ. వెనక అడ్డంగా గాడి కోసి, 48 సెం.మీ. పొడవున్న 3 మి.మీ. కార్బన్ రాడ్‌ను దించి అంటించాలి. రాడ్ లేకుండా చేస్తే విసిరినప్పుడు రెక్కలు పైకి వంగుతాయి, మలుపులో మధ్యకు విరుగుతాయి. తోక రెక్కలు రెండు: అడుగు 16 సెం.మీ., ఎత్తు 14, పైన 8. మధ్య గీతకు అటూ ఇటూ 14 సెం.మీ. దూరంలో నిలబెట్టాలి.

వెనక అంచున 5 సెం.మీ. వెడల్పుతో కదిలే పలకలు కోస్తాం. ఇవే ఎలెవాన్లు. మధ్యలో 16 సెం.మీ. వదిలేసి, ఒక్కోటి 26 సెం.మీ. పొడవు. మడత దగ్గర కింది వైపు 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కి, పైన టేపు వేస్తే అదే కీలు. తోక రెక్కలు ఈ మడత గీతకు ముందే ఆగిపోవాలి. లేకపోతే పలక పైకి లేచినప్పుడు వాటిని తాకి, పలకను కదిపే చిన్న మోటారు (సర్వో) ఇరుక్కుని కాలిపోతుంది. పలక మీద నిలబెట్టే చిన్న చెవి (హార్న్) కోసం పాత ప్లాస్టిక్ కార్డు కోస్తే చాలు. సర్వోనూ హార్న్‌నూ కలిపే కడ్డీకి 1.2 మి.మీ. స్టీలు తీగ. సర్వో వైపు లోపలి రంధ్రంలో, పలక వైపు బయటి రంధ్రంలో తగిలిస్తే ఊగులాట తగ్గుతుంది.

జిగురు దగ్గర చాలా ఫోమ్ పాడవుతుంది. ఫెవిక్విక్, ఫెవిబాండ్ రెండూ థర్మాకోల్‌నూ డెప్రాన్‌నూ కరిగించేస్తాయి, స్ప్రే పెయింటు కూడా అంతే. ఫెవికాల్ కరిగించదు, అయితే రెండు ఫోమ్ ముఖాల మధ్య గాలి ఆడక రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. మోటారు మౌంటుకు, కార్బన్ రాడ్‌కు అరాల్డైట్, మిగతాచోట హాట్ గ్లూ వాడండి. గన్ను బాగా కాగిన మీదట కాసేపు ప్లగ్ తీసి వాడితే ఫోమ్ కరగదు. ఎంత పూయాలనే దానికి హద్దు పెట్టుకోవాలి: జిగురూ టేపూ కలిపి 40 గ్రాములు మించొద్దు.

మోటారు 2212 సైజు, 2200 కేవీ. 3ఎస్ (మూడు సెల్లుల) లిపో బ్యాటరీకి, 6x4 (6 అంగుళాల) ప్రొపెల్లరుకు, 30 ఆంపియర్ల ఈఎస్సీకి ఇది సరిపోతుంది. కేవీ అంటే ఖాళీగా తిరిగినప్పుడు ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లో చెప్పే అంకె. 11.1 వోల్టుల మీద నిమిషానికి 24,000 చుట్ల పైన. ఈ మోటారుకు 8 అంగుళాల ప్రొపెల్లరు పెడితే కరెంటు హద్దు దాటుతుంది, ముందు ఈఎస్సీ, తర్వాత మోటారు వైండింగు మాడిపోతాయి. మౌంటు రెక్క పలక ఎత్తులోనే ఉండాలి. పైకి ఉంటే థ్రాటిల్ (మోటారు వేగం) పెంచిన ప్రతిసారీ ముక్కు కిందికి దిగుతుంది.

వెనక బిగించే ప్రొపెల్లరుతో రెండు తిరకాసులున్నాయి. మొదటిది, అంకెలు అచ్చువేసిన ముఖం ఎప్పుడూ విమానం పోయే దిక్కుకే ఉండాలి, అంటే ఇక్కడ మోటారు వైపుకి. తిరగేసి బిగించినా తిరుగుతుంది, గాలి కూడా కొడుతుంది, కానీ తోపు బాగా పడిపోతుంది. మోటారు ఎదురు తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెంటినైనా మార్చండి. రెండోది అంతగా ఎవరూ చెప్పనిది. ముందు బిగించినప్పుడు తిరిగే దిశ నట్టును బిగిస్తుంది, వెనక బిగించినప్పుడు అదే దిశ నట్టును వదులు చేస్తుంది. ప్రతి ఎగురుడుకూ ముందు స్పానరు పెట్టి చూడాల్సిందే.

బరువు ఎక్కడికి చేరుతుందో చూద్దాం: మౌంటుతో మోటారు 65 గ్రాములు, ఈఎస్సీ 28, రెండు 9 గ్రాముల సర్వోలు వైర్లతో కలిపి 20, రిసీవరు 15, 1300 ఎంఏహెచ్ బ్యాటరీ 115, ఫోమ్ 150, జిగురు, టేపు 40, రాడ్డూ తీగలూ 20. అంతా కలిపి 450 పైచిలుకు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ పెడితే ఎక్కువసేపు ఎగురుతుందని ఆశ పుడుతుంది. దానితో 60 గ్రాములు పెరుగుతాయి, మొదటి నెల ఆ ఆశ మానుకోండి.

గరిమనాభి (విమానం బరువు సమంగా తూగే చోటు) రెక్క మొదలు నుంచి 24.5 సెం.మీ. దగ్గర ఉండాలి. ఈ అంకె గాల్లోంచి వచ్చింది కాదు. గాలి లెక్కలకు వాడే సగటు పొడవు (ఎంఏసీ, మామూలు సగటు కాదు) ఈ రెక్కకు 41.8 సెం.మీ., అది మధ్య గీత మీద 18.2 దగ్గర మొదలవుతుంది. రెక్క ఎత్తుడు బలంలో వచ్చే మార్పు దానిలో నాలుగో వంతు దగ్గర, అంటే 28.6 సెం.మీ. చోట కేంద్రీకృతమవుతుంది. ముక్కు పెట్టె దాన్ని కాస్త ముందుకు లాగుతుంది. గరిమనాభి ఆ చోటుకు ముందుండాలి. అప్పుడే ఈదురు దెబ్బకు ముక్కు లేచినా విమానం తనంతట తానే సర్దుకుంటుంది. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి 24.5 గీత దగ్గర ఎత్తండి. ముక్కు కొద్దిగా కిందికి వాలినా పర్వాలేదు, తోక వాలితే ఎగరేయొద్దు. బ్యాటరీ మధ్య భాగం రెక్క మొదలుకు 10 సెం.మీ. ముందు పడితే లెక్క దాదాపు సరిపోతుంది. సీసం ముక్కలు అతికించే పని రాకూడదు, బ్యాటరీని జరిపే సర్దాలి.

అడ్డంగా ఉండే తోక లేని విమానం కాబట్టి పలకలు రెండూ సూటిగా ఉంటే ముక్కు దిగబడుతుంది. మొదట్లోనే రెంటినీ 3 మి.మీ. పైకి ఉంచండి. రేడియో మెనూలో ఎలెవాన్ మిక్సింగ్ ఆన్ చేసి, విమానం వెనక నిలబడి చూడాలి: రేడియో మీది కర్ర (స్టిక్) వెనక్కి లాగితే రెండు పలకలూ లేవాలి, కుడికి తోస్తే కుడిది లేచి ఎడమది దిగాలి. కదలిక అటూ ఇటూ 12 మి.మీ., ఎక్స్‌పో (కర్ర నడుమ ఉన్నప్పుడు కదలికను మెత్తబరిచే సెట్టింగు) 30 శాతం. ఆ తర్వాత ప్రొపెల్లరు విప్పేసి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపండి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ పెట్టనట్టే. అది సరిచేయకుండా బయటికి తీసుకెళ్లొద్దు.

ఎక్కడ, ఎప్పుడు? మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక సాంద్రత కన్నా సుమారు 14 శాతం తక్కువ. డిసెంబరు పొద్దున్నతో పోలిస్తే నిలబడే వేగం 4, 5 శాతం పెరుగుతుంది, ప్రొపెల్లరు తోపు ఇంకొంచెం తగ్గుతుంది. అది పెద్ద తేడా కాదు. ఎండాకాలంలో అసలు ఇబ్బంది చెలక నేల కాగి లేచే వేడి గాలి తెరలు, సుడిగాలులు, మూసిన కారులో మెత్తబడే హాట్ గ్లూ. వానాకాలం గాలి ఈ బరువుకు ఎక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున 7 నుంచి 9 మధ్య మంచి సమయం. పడావు భూమి చాలు, సర్కారు తుమ్మ, కరెంటు తీగలు దూరంగా ఉండాలి. ఎండాకాలంలో నీళ్లు దిగిపోయిన చెరువు శిఖం కూడా బాగుంటుంది, అయితే పొద్దున్నే వెళ్లాలి. ఏరడం అయిపోయిన పత్తి చేను చూడటానికి ఖాళీగానే ఉంటుంది, ఎండిన పత్తి కట్టె మాత్రం ఫోమ్‌లో దిగబడిపోతుంది. రాళ్ల గుట్టల పక్కన గాలి తిరగబడుతుంది, వాటికి గాలి వచ్చే వైపే నిలబడండి.

2021 డ్రోన్ నియమాల్లో 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది మైక్రో తరగతి. వ్యాపారం కోసం కాకపోతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. నమోదు నిబంధనలు వేరే ఉన్నాయి, అవి చూసుకోవాలి. ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీ పొలం ఆకుపచ్చ రంగులో ఉందో లేదో కూడా చూడండి. ఉంటే, విమానాశ్రయం దగ్గర్లో లేకపోతే, 120 మీటర్ల ఎత్తు దాకా ఎగరేయొచ్చు.

విసరడానికి ఇంకొకరు కావాలి. ప్రొపెల్లరు చేతికి వెనకే ఉంటుంది కాబట్టి విసిరేవాళ్లు ముక్కు పెట్టె అడుగునే పట్టుకోవాలి, చెయ్యి వెనక్కి పోనివ్వకూడదు. గాలికి ఎదురుగా, థ్రాటిల్ ముప్పావు, ముక్కు 10 డిగ్రీలు పైకి. బలంగా, సూటిగా విసరాలి, పైకి కాదు. మోటారు తిప్పుడుకు ఎదురు ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరుగుతుంది, కుడి కర్ర సిద్ధంగా ఉంచుకోండి. విసిరిన వెంటనే కర్ర పూర్తిగా లాగినా నేలకు దిగితే ముక్కు బరువెక్కువ. లేచి, ఆగి, పడి, మళ్లీ లేస్తుంటే తోక బరువెక్కువ. సూటిగా పోతూ ఒకే పక్కకు మెలి తిరుగుతుంటే రెక్క వంకరగా అంటుకుంది.

30 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి, సగం థ్రాటిల్‌కు తగ్గించి, కర్ర వదిలినా సూటిగా పోయేలా ట్రిమ్ చేయండి. ఇలాంటి త్రికోణపు (డెల్టా) రెక్క పైనా కిందా ఒకేలా కనిపిస్తుంది, దూరంగా పోతే తిరిగొస్తోందో పోతోందో తెలియదు. ఒక రెక్క అడుగున ముదురు నారింజ రంగు టేపు వేస్తే ఈ తికమక పోతుంది. సగటున 10 ఆంపియర్లు లాగితే, ఐదో వంతు మిగుల్చుకుని, 1300 ఎంఏహెచ్ బ్యాటరీ 6 నిమిషాలు వస్తుంది, టైమరు 5కు పెట్టండి. దిగేటప్పుడు నేల తాకకముందే థ్రాటిల్ సున్నా చేయాలి. థ్రాటిల్ ఉండగా నేలకు తగిలి ఆగిపోయిన ప్రొపెల్లరు ఈఎస్సీని కాల్చేస్తుంది.

బ్యాటరీని 1.3 ఆంపియర్ల మీదే, మనిషి దగ్గరుండగా చార్జ్ చేయాలి. వారం దాకా ఎగరేయకపోతే ఒక్కో సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయొద్దు. పడ్డ విమానాన్ని వెంటనే విసరకుండా ముందు కార్బన్ రాడ్ చీలిందేమో వేలితో నొక్కి చూడండి, సర్వోలను చేత్తో కాక రేడియోతో ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి పళ్లు అరిగాయేమో వినండి, బ్యాటరీని పది నిమిషాలు విమానం నుంచి తీసి నేల మీద ఉంచండి. ఆ తర్వాత గరిమనాభి మళ్లీ చూడాలి. ముక్కు మీద అతికిన టేపూ జిగురూ ఈసారి 20 గ్రాములు ఉండొచ్చు.