"ఈసీ నిల్ వచ్చిందండీ, ఇంకేం చూడాలి?": ఇల్లు కొనేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఇళ్ళూ స్థలాలూ చూపించడం నా పని. ఆషాఢమనీ, శూన్యమాసమనీ ఆగినవాళ్ళంతా మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ అయిపోగానే ఒక్కసారిగా బయల్దేరతారు. అప్పుడు రోజుకు పది ఫోన్లు వస్తే, అందులో ఏడెనిమిది ప్రశ్నలు ప్రతిసారీ వినేవే. చాలామంది ఒకే ఒక్క కాగితం పట్టుకుని, అన్నిటికీ అదే పూచీ అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

అపోహ: ఈసీ నిల్ వస్తే స్థలం మీద ఏ గొడవా లేనట్టే.

వాస్తవం: ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. ఏమీ లేకపోతే 'నిల్' అని వస్తుంది. అందులో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. తెల్లకాగితం మీద అడ్వాన్సు రసీదు, స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు, రిజిస్టరు చేయించని వీలునామా, ఇంట్లో పెట్టుకున్న పంపకాల కాగితం ఇవేవీ అందులోకి రావు. కోర్టులో కేసు నడుస్తున్నా ఈసీలో కనబడకపోవచ్చు.

ఆ మధ్య ఒక రిటైర్డు మాస్టారు ఈసీ తెచ్చి నా టేబులు మీద పెట్టారు. "ముప్పై ఏళ్ళకి తీయించానండీ, పూర్తిగా నిల్" అన్నారు సంతోషంగా.

"అమ్మేవాళ్ళు ఎప్పుడు కొన్నారు మాస్టారూ?" అని అడిగాను.

"2009లో."

"మరి ఆ కొనుగోలైనా ఇందులో ఉండాలి కదా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని మళ్ళీ చూశారు. జరిగిందేమిటంటే, ఈసీని ఇంటి నంబరుతో వెతికించారు. 2009లో అది ఖాళీ స్థలం. దస్తావేజు సర్వే నంబరు మీద రిజిస్టరైంది. సర్వే నంబరుతో మళ్ళీ తీయిస్తే ఆ కొనుగోలూ వచ్చింది, దాని కింద తీరని తనఖా ఒకటీ వచ్చింది. కొన్నవాళ్ళు అమ్ముతుంటే, వాళ్ళు కొన్న ఏడాది కూడా కలిసిన కాలానికి నిల్ ఈసీ వచ్చిందంటే నాకు ధైర్యం రాదు, అనుమానం వస్తుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఇంటి నంబరు, మూడిటితోనూ తీయించండి. 1983 నుంచి ఉన్నవి కంప్యూటర్లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి.

పాత కాగితాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. 1975 నాటి లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు మీద శ్రీకాకుళం జిల్లా అనో విశాఖపట్నం జిల్లా అనో ఉందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళున్నారు. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. కాబట్టి అది సరైన కాగితమే. 1975 తేదీ వేసి విజయనగరం జిల్లా అని రాసి ఉంటే అప్పుడు కంగారుపడండి.

అపోహ: బ్యాంకు లోన్ ఇస్తోందంటే కాగితాలన్నీ క్లియర్.

వాస్తవం: బ్యాంకు లాయరు ఒపీనియన్ రాసేది బ్యాంకు కోసం, అదీ మీరిచ్చిన కాగితాలు చూసి. రేపు టైటిల్‌లో, అంటే యాజమాన్య హక్కులో తేడా వస్తే ఇల్లు పోయినా ఈఎంఐ ఆగదు. సొంతంగా ఒక సివిల్ లాయరుకు చూపించండి. ఆ ఫీజు ఎంతైనా, ఇంటి వాస్తుకు పెట్టే ఖర్చుకంటే తక్కువే ఉంటుంది.

అపోహ: ఆడపిల్లలకు పెళ్ళిలో ఇవ్వాల్సింది ఇచ్చేశారు, వాళ్ళ సంతకాలు అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే. తండ్రి తన స్వార్జితాన్ని వీలునామా రాయకుండా పోతే హిందూ కుటుంబాల్లో భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే ఆయన తల్లి, అందరూ వారసులే. ఇది 1956 చట్టం నుంచీ ఉన్నదే. పిత్రార్జితంలో కూతురికి వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే మొదలైంది. 2005లో కేంద్రం చట్టం మార్చి కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ వాటాకు 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. కట్నం ఇచ్చామన్న మాట వాటాను రద్దు చేయదు.

ఒక ఇంటి బేరంలో అన్నదమ్ములు ముగ్గురూ సరే అన్నారు, రేటు కుదిరింది, ముహూర్తం పెట్టుకున్నారు. "అక్కలెవరైనా ఉన్నారా బాబూ?" అంటే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉంది, రాయగడలో. పదేళ్ళుగా రాకపోకల్లేవు. ఆవిడ సంతకం లేకుండా కానిచ్చేద్దామని చిన్నతమ్ముడు పట్టుబట్టాడు. కొనేవాళ్ళను నేనే ఆపాను. నా కమీషనూ ఆగిందనుకోండి. చివరికి పెద్దాయన రైలెక్కి వెళ్ళి తీసుకొచ్చాడు. ఆవిడ వాటా డబ్బు ఆవిడకిచ్చి సంతకం పెట్టించాం. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగండి. అందులో ఉన్న పేర్లనూ, అమ్ముతామంటూ వచ్చిన మనుషులనూ లెక్కపెట్టుకోండి.

అపోహ: పంచాయతీ అప్రూవల్ ఉంది, ఎల్‌పీ నంబరు ఉంది, ఇంకేం భయం?

వాస్తవం: పంచాయతీ తనంతట తాను లేఅవుట్‌ను అప్రూవ్ చేయలేదు. ప్రాంతాన్ని బట్టి డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ), లేదా పట్టణాభివృద్ధి సంస్థలైన వీఎంఆర్‌డీఏ (విశాఖ), బొబ్బిలి వైపు బుడా, శ్రీకాకుళం వైపు సుడా అనుమతి ఉండాలి. ఇక ఎల్‌పీ నంబరు దగ్గర ఈమధ్య కొత్త గందరగోళం మొదలైంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అది భూమి ముక్క నంబరు. ఎల్‌పీ నంబరు లేఅవుట్ అనుమతి నంబరు. ఒక్క అక్షరమే తేడా. బ్రోచర్లో ఎల్‌పీఎం నంబరు వేసి, అనుమతి ఉన్నట్టు మాట్లాడేవాళ్ళను నేను చూశాను. నంబరు రాసుకుని ఆ అథారిటీ ఆఫీసుకే వెళ్ళి ప్లాను చూడండి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే ఎనిమిది ఫ్లాట్లు దాటినా అంతే.

భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మేవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. మూలపేట పోర్టు పేరుతో శ్రీకాకుళం వైపూ అదే కథ. ఎయిర్‌పోర్టుకు "పదిహేను నిమిషాలు" అన్నవాళ్ళ బైకు వెనక కూర్చుని ఒకసారి వెళ్ళొచ్చాను. నలభై పట్టింది. ఎయిర్‌పోర్టు నిజమే అయినా దాని పేరు చెప్పిన ప్రతి ప్లాటూ మంచిదైపోదు. ఆ భూమి జిరాయితీయా (సొంత పట్టా భూమి), డి-పట్టాయా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), దేవస్థానం భూమా, గెడ్డ పోరంబోకా (వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమి) అన్నది ముందు తేలాలి. మన దగ్గర చెరువులూ గెడ్డలూ ఎక్కువ. ఎండాకాలంలో చదునుగా కనిపించిన చోటే వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళుంటాయి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. పార్వతీపురం మన్యం వైపు షెడ్యూల్డ్ ఏరియాలో చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే ఆశపడకండి. గిరిజన భూముల రక్షణకు తెచ్చిన 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. గిరిజనేతరుడి దగ్గర కొన్నా అంతే.

అపోహ: అగ్రిమెంటు అయింది, డబ్బంతా ఇచ్చేశాం, జీపీఏ కూడా రాయించుకున్నాం. ఇల్లు మాదే.

వాస్తవం: కాదు. సేల్ డీడ్ రిజిస్టరైతేనే హక్కు మారుతుంది. అగ్రిమెంటు అంటే "అమ్ముతాను" అనే మాట మాత్రమే. జీపీఏ అంటే మన తరఫున పని చేయమని ఇచ్చే అధికార పత్రం (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. రెరా ప్రాజెక్టయితే రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదు. "ఆఫర్ ఈరోజుతో ఆఖరు" అని ఎవరైనా అంటే రేపు ఉదయం ఫోన్ చేయండి, ఆఫర్ ఇంకా ఉంటుంది.

డబ్బు మాట. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. నలభై లక్షల ఇంటికి మూడు లక్షలు. ప్రభుత్వ మార్కెట్ విలువ, దస్తావేజులో వేసిన ధర, ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కేస్తారు. "డాక్యుమెంటులో తక్కువ వేసుకుందాం, మీకే మిగులుతుంది" అనే సలహా అమ్మేవాళ్ళ వైపు నుంచే వస్తుంది, ఎందుకంటే పన్ను తగ్గేది వాళ్ళకు. మీకు లోన్ తగ్గుతుంది. రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనబడి ఆ పన్ను మీ నెత్తిన పడుతుంది. ఇరవై వేలు, ఆపైన నగదుగా ఇచ్చిపుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ళకు అంతే మొత్తం పెనాల్టీ పడవచ్చు. యాభై లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. భార్య పేరున చేయిస్తే డ్యూటీ తగ్గుతుందా అని అడుగుతారు. కొన్ని రాష్ట్రాల్లో తగ్గుతుంది, మన దగ్గర లేదు.

అపోహ: దస్తావేజులో 200 గజాలు అని ఉంది కదా, కొలవడం దేనికి?

వాస్తవం: టేపు తీసుకెళ్ళండి. 36 అడుగుల వెడల్పు, 50 పొడవు ఉంటే 1800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. ఒకచోట పొడవు లాగితే 47 దగ్గరే పక్కింటి గోడ తగిలింది. దస్తావేజులోని చెక్కుబందీలో (నాలుగు హద్దుల వివరంలో) పడమర హద్దు "ఖాళీ స్థలం" అని ఉంది. ఆ ఖాళీ స్థలంలో ఇల్లు లేచి ఎనిమిదేళ్ళయింది, లేచేటప్పుడు మూడడుగులు ఇటు జరిగింది. 36 ఇంటూ 47 అంటే 188 గజాలు. గజం పదిహేను వేలు అనుకుంటే లక్షా ఎనభై వేల తేడా. అమ్మేవాళ్ళు మోసం చేయలేదు, వాళ్ళకూ తెలీదు. సర్వేయరును పెట్టి కొలిపించి, ఉన్న గజాలకే రాయించాం.

ఫ్లాటు కొనేవాళ్ళు 1200 అడుగులు అన్న మాట దగ్గరే ఆగిపోతారు. అందులో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు ఎంత, భూమిలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలు అని అడగండి. ముప్పై ఏళ్ళ తర్వాత బిల్డింగు పడగొడితే మీకు మిగిలేది ఆ గజాలే.

వాస్తు గురించి నన్ను అడక్కండి. తూర్పు ముఖం దొరకలేదని పడమర ముఖాన్ని వదిలేస్తే, ఇంకొకరు దాన్ని తక్కువ రేటుకు హాయిగా కొనుక్కుంటారు. అంతవరకే నాకు తెలుసు.

చివరి అపోహ: ఏజెంటు మన మనిషి, అన్నీ ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: మన దగ్గర చాలాసార్లు కమీషన్ రెండు వైపులా తీసుకుంటాం. కాబట్టి నేను మీ పక్షమూ కాదు, వాళ్ళ పక్షమూ కాదు, బేరం తెగాలనే పక్షం. నిజం చెప్పినందుకు తోటి ఏజెంట్లు తిట్టుకున్నా ఫర్వాలేదు. కమీషన్ ఎంత శాతమో, ఎవరెంత ఇవ్వాలో స్థలం చూడకముందే మాట్లాడుకోండి. వాట్సాప్‌లో ఒక లైను రాయించుకున్నా చాలు. ఆ కమీషన్ డబ్బు మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు పడ్డాకే ఇవ్వండి. ముందే అడిగేది నేనైనా సరే, ఇవ్వకండి.