డిఫాల్ట్ బ్రౌజర్ గొడవ: అసలు మలుపు 2012లోనే

విండోస్ కంప్యూటర్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ (లింకు నొక్కగానే తెరుచుకునే బ్రౌజర్) మార్చుకునే వ్యవహారం మళ్లీ ఫిర్యాదుల దాకా వెళ్లింది. 2025 జూలై చివర్లో నార్వేకు చెందిన బ్రౌజర్ తయారీ సంస్థ ఒపెరా బ్రెజిల్‌లోని పోటీ నియంత్రణ సంస్థ ‘కాడే’ను ఆశ్రయించింది. కొత్త కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఎడ్జ్‌ను ముందే పెట్టి ఇస్తున్నారని, వేరే బ్రౌజర్ ఎంచుకున్నవాళ్లను అడుగడుగునా వెనక్కి లాగుతున్నారని మైక్రోసాఫ్ట్ మీద దాని ఆరోపణ. పాత బ్రౌజర్ నెట్‌స్కేప్ రోజుల గురించీ, మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసు గురించీ చాలామందికి తెలుసు. ఇప్పటి గొడవ అర్థం కావడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి చూస్తే చాలు.

విండోస్ 7 వరకూ పద్ధతి సులువుగా ఉండేది. ఫైర్‌ఫాక్స్ తెరవగానే, డిఫాల్ట్‌గా పెట్టుకుంటారా అని అడిగేది. సరే అంటే, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ బ్రౌజర్ తన పేరు తనే రాసుకునేది. దాంతో పని అయిపోయేది. ఈ వెసులుబాటును దుర్వినియోగం చేసినవాళ్లూ ఉన్నారు. ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుంటే దాని వెంట టూల్‌బార్లు వచ్చిపడి, చెప్పాపెట్టకుండా సెట్టింగులు మార్చేసేవి. వాడేవారి ఎంపికను ఇలాంటి ప్రోగ్రాములు చెడగొట్టకుండా కాపాడుతున్నామన్నది మైక్రోసాఫ్ట్ వాదన. అందులో నిజం ఉంది.

విండోస్ 8లో చేసిన మార్పు ఏమిటంటే, రిజిస్ట్రీలోని ‘యూజర్‌ఛాయిస్’ అనే చోట బ్రౌజర్ పేరుతో పాటు హ్యాష్ అనే కోడ్ కూడా ఉండాలన్నారు. వాడేవారి ఖాతా గుర్తింపు, ఎంచుకున్న ప్రోగ్రాం, ఎంచుకున్న సమయం, వీటికి తోడు విండోస్ లోపల దాచిన ఒక రహస్య వాక్యం కలిపితే ఆ కోడ్ తయారవుతుంది. బయటి బ్రౌజర్ తన పేరైతే రాసుకోగలదు గానీ, ఆ లెక్కను మైక్రోసాఫ్ట్ బయటపెట్టలేదు కాబట్టి సరైన కోడ్ రాయలేదు. కోడ్ కుదరకపోతే ఆ ఎంపిక చెల్లదు. విండోస్ 10 వాడినవాళ్లకు దీని ఫలితం గుర్తుండే ఉంటుంది. ఒక యాప్ వల్ల .htm (వెబ్‌పేజీ) ఫైళ్ల సెట్టింగ్‌లో సమస్య వచ్చింది కాబట్టి దాన్ని తిరిగి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌కు మార్చామని తెర మూల ఒక నోటిఫికేషన్ వచ్చేది. మనం అంతకుముందు పెట్టుకున్నది క్రోమ్ అయినా, ఫైర్‌ఫాక్స్ అయినా సరే, వెళ్లేది ఎడ్జ్‌కే.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. భద్రత కోసం తాళం వేయడాన్ని ఎవరూ తప్పుబట్టరు. కానీ పోటీలో ఉన్నవాళ్లలో ఒకరి చేతిలోనే తాళంచెవి ఉండిపోయింది. తర్వాతి గొడవల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఇక్కడ యూరప్ సంగతి చెప్పుకోవాలి. 2009 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అక్కడి పోటీ వ్యవహారాలు చూసే యూరోపియన్ కమిషన్‌కు ఒక హామీ ఇచ్చింది. విండోస్ వాడేవారికి బ్రౌజర్లన్నీ ఒకే తెర మీద చూపించి, నచ్చింది ఎంచుకోమంటామని దాని సారాంశం. 2011 మే నుంచి 2012 జూలై వరకు దాదాపు కోటిన్నర మందికి ఆ తెర కనిపించలేదు. అది సాంకేతిక లోపమని సంస్థ చెప్పుకుంది. కమిషన్ 2013 మార్చిలో 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. హామీ గడువు మాత్రం 2014 డిసెంబరులో ముగిసిపోయింది. మరో ఏడు నెలలకు, 2015 జూలై 29న, విండోస్ 10 వచ్చింది.

మర్నాడే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సంస్థకు అప్పటి సీఈఓ క్రిస్ బియర్డ్, మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్లకు బహిరంగ లేఖ రాశారు. అప్‌గ్రేడ్ చేసుకునేటప్పుడు ‘ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్స్’ బటన్ నొక్కినవాళ్లకు పాత ఎంపిక పోయి ఎడ్జ్ వచ్చి కూర్చుంటోందని ఆయన అభ్యంతరం. అప్‌గ్రేడ్‌లోనూ, ఆ తర్వాతా మార్చుకునే వీలుందని మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది.

ఆ వీలు 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో ఇంకా కష్టమైంది. http లింకులకు ఒకసారి, https లింకులకు ఒకసారి, .htm, .html ఫైళ్లకు మళ్లీ విడివిడిగా బ్రౌజర్‌ను ఎంచుకోవాల్సి వచ్చేది. మధ్యలో ‘మార్చే ముందు ఎడ్జ్ వాడి చూడండి’ అంటూ పెట్టె అడ్డం వచ్చేది. కంప్యూటర్ కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవాళ్లు అక్కడే టెన్షన్ పడి వదిలేసేవారు. అదే ఎడ్జ్ అయితే ఒక్క నొక్కుతో డిఫాల్ట్ అయ్యేది. ఆ ఒక్క నొక్కు వెనక ఉన్న కోడ్ లెక్కను మొజిల్లా ఇంజనీర్లు విప్పి, 2021లోనే ఫైర్‌ఫాక్స్‌కూ ఆ సౌకర్యం తెచ్చారు. విమర్శలు పెరిగాక 2022 మార్చిలో విండోస్ 11కు ‘సెట్ డిఫాల్ట్’ బటన్ వచ్చింది. 2024లో మరో అడుగు పడింది. యూసీపీడీ అనే డ్రైవర్ (విండోస్ లోపల పనిచేసే ప్రోగ్రాం) వచ్చి, మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాములు ఆ రిజిస్ట్రీ చోటును ముట్టుకోకుండా అడ్డుకోవడం మొదలుపెట్టింది.

ఫిర్యాదు చేస్తున్నవాళ్లందరూ చిన్నవాళ్లేం కాదు. వాళ్లతో చేయి కలిపిన గూగుల్‌కు ప్రపంచంలో ఎక్కువమంది వాడే క్రోమ్ ఉంది. కాబట్టి ఎడ్జ్ వల్ల పోటీ చచ్చిపోతోందనడం అతిశయోక్తే కావచ్చు. కానీ నేను ఒకసారి ఎంచుకున్నాక ఆ ఎంపిక నిలబడాలి కదా. అది క్రోమ్ వాటా ఎంత అన్నదానితో తేలే విషయం కాదు.

యూరప్‌లో పెద్ద టెక్ కంపెనీలను కట్టడి చేసే డిజిటల్ మార్కెట్స్ చట్టం అమలయ్యాక మైక్రోసాఫ్ట్ కొంత దిగివచ్చింది. 2025 జూన్ ప్రకటన ప్రకారం అక్కడ ‘సెట్ డిఫాల్ట్’ ఒక్కసారి నొక్కితే మరిన్ని రకాల లింకులూ ఫైళ్లూ మారిపోతాయి. మనంతట మనం తెరిస్తే తప్ప, డిఫాల్ట్‌గా పెట్టుకోమని ఎడ్జ్ అడగదు. ఇవన్నీ చేయడం సాధ్యమేనని, భద్రతకు ముప్పేమీ రాదని దీంతో రుజువైనట్టే. అయినా ఇది యూరోపియన్ ఆర్థిక ప్రాంతానికే పరిమితం. అది కూడా కంప్యూటర్‌ను మొదటిసారి సెటప్ చేసినప్పుడు ఏ దేశం ఎంచుకున్నామన్నదాన్ని బట్టే. హైదరాబాద్‌లో లాప్‌టాప్ కొని, ఇండియా అని సెటప్ చేసుకుని, ఎంఎస్ చదవడానికి మ్యూనిక్ వెళ్లిన విద్యార్థికి ఆ సౌకర్యం కావాలంటే, మొత్తం రీసెట్ చేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. బ్రెజిల్‌లోనూ వాడేవారికి నచ్చిన బ్రౌజర్‌ను స్వేచ్ఛగా ఎంచుకునే వీలుండాలన్నదే ఒపెరా ఫిర్యాదు సారాంశం.