పెరటి కుంటలో చేపలు తెల్లారేసరికి తేలితే విషమేనా? అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టిందంటే చాలు, భీమవరంలో మా నీటి పరీక్షల ల్యాబ్‌కి పొద్దున్నే ఎవరో ఒకరు వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టుకుని వస్తారు. ఎకరాల్లో చెరువులున్న రైతులు కాదు వీళ్లు. పెరట్లో చిన్న కుంటో సిమెంటు తొట్టో కట్టుకుని, నాలుగు బొచ్చెలో శీలావతులో, పిల్లలు ముచ్చటపడ్డారని రంగు చేపలో పెంచుకునేవాళ్లు. "రాత్రి మేత కూడా తిన్నాయండి. తెల్లారి చూస్తే అన్నీ తేలిపోయాయి. ఎవరో మందు కలిపారు. ఏ మందో చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం." ఆ కలిపినవాళ్లెవరో కూడా అప్పటికే వాళ్లు తేల్చేసుకుని ఉంటారు.

పెరటి కుంటల విషయంలో జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ నష్టపెట్టే అపోహ ఇదే. చేపలు పోతాయి, మందులకి డబ్బు పోతుంది, పక్కింటివాళ్లతో మాటలు పోతాయి. అందుకే ముందు దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఒక్క రాత్రిలో చేపలన్నీ చనిపోయాయంటే విషమే.

వాస్తవం: నేను చూసినవాటిలో చాలామటుకు డీఓ, అంటే నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్, పడిపోవడం వల్లే. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే పచ్చదనం చేపలతోపాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అడుగున కుళ్లే మేత, ఆకులు ఇంకొంత లాగేస్తాయి. అందుకే ఇరవై నాలుగు గంటల్లో డీఓ బాగా తగ్గేది తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందు. రెండు మూడు రోజులు మబ్బు కమ్మితే పగటి తయారీ తగ్గిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే బొచ్చె, శీలావతి హాయిగా ఉంటాయి. 3 కన్నా తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది. 1 దగ్గరికొస్తే పోతాయి. మన వేడి కూడా దీనికి తోడు. 20 డిగ్రీల నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే పట్టుకోగలవు.

విషానికీ దీనికీ తేడా కళ్లతోనే చాలావరకు తెలుస్తుంది. ఆక్సిజన్ చాలకపోతే ముందు పెద్ద చేపలు పోతాయి, చిన్నవి చాలాసార్లు మిగులుతాయి. పోయినవాటి నోళ్లు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉంటాయి. బతికున్నవి నీళ్లు పడే చోట గుంపు కడతాయి. విషమైతే వేళాపాళా ఉండదు, పెద్దా చిన్నా తేడా ఉండదు. చేపలు పిచ్చెత్తినట్టు తిరుగుతాయి, కప్పలు, నత్తలు, నీటి పురుగులు కూడా చస్తాయి. మీ కుంటలో కప్పలు నిక్షేపంగా ఉండి, పెద్ద చేపలే పోయి ఉంటే దయచేసి పక్కింటి గుమ్మం ఎక్కకండి.

ఇంకో మాట. మధ్యాహ్నం బాటిల్‌లో తెచ్చిన నీటిలో డీఓ ఎంతో నేను చెప్పలేను. దారిలో ఊగి, గాలి కలిసి ఆ అంకె మారిపోయి ఉంటుంది. అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి, కుళ్లే మేత నుంచి పుట్టే విషం), పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) చూడగలను. డీఓ మాత్రం కుంట దగ్గరే, తెల్లవారుజామునే చూడాలి.

ఒకసారి అలాగే మీటరు పట్టుకుని ఒకరింటికి వెళ్లాను. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే, మధ్యలో గోడ. కుంట అన్నగారిది. చేపలు సగానికి పైగా పోయాయి, తమ్ముడే చేశాడని అప్పటికే పెద్ద గొడవైంది. నీళ్లు చిక్కటి పచ్చగా ఉన్నాయి. మిగిలిన అన్నమంతా రోజూ అందులోనే వేస్తారట. గాలి పంపు ఉంది కానీ శబ్దానికి నిద్ర పట్టడం లేదని రాత్రిళ్లు ఆపేస్తున్నారు. ఇంకా వెలుగు రాకముందు మీటరు ముంచితే ఒకటిన్నర కూడా చూపించలేదు. మిగిలిన చేపలు మా కళ్లముందే నోళ్లు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆ ఇంటావిడ అంకె చూసి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆవిడ ఏడ్చింది చేపల కోసం కాదు, ముందురోజు మరిదిని అన్న మాటలకి. అలాంటివాళ్లని తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించదు. పెంచుకున్న ప్రాణాలు ఒక్కసారిగా పోతే ఎవరికైనా మనసు మనసులో ఉండదు. నా కోపమంతా "నేను అప్పుడే చెప్పాను, అది మందే" అంటూ వీధిలో ప్రచారం చేసేవాళ్ల మీద.

కాబట్టి, గాలి పంపు పగలు ఆపినా ఆపండి కానీ రాత్రి ఆపకండి. చిన్న తొట్టికి సరిపోయే 5 వాట్ల పంపు రోజూ రాత్రి పన్నెండు గంటలు తిరిగితే నెలకి రెండు యూనిట్లు కూడా కాలదు. మబ్బు రోజుల్లో మేత ఆపేయండి, రెండు రోజులు తినకపోతే చేపకేమీ కాదు. తెల్లవారుజామున తలలు తేలేస్తే, కరెంటు లేకపోతే, బకెట్టుతో నీళ్లు తోడి ఎత్తు నుంచి మళ్లీ కుంటలోకే పోయండి. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని పొద్దెక్కేదాకా పోయండి. బోరు నీళ్లు వదిలితే పైపు నీటిలో ముంచకండి. బోరు నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువ. అది జల్లులా పడితేనే ఉపయోగం.

అపోహ: నోరు తెరిచి పైకొస్తున్నాయంటే ఆకలేస్తోంది.

ఆకలిగా ఉన్న చేప మనిషి అలికిడికి చురుగ్గా ఎగబడుతుంది. ఊపిరాడని చేప చప్పుడు చేసినా కిందికి పోదు. అప్పుడు తవుడు చల్లితే ఉన్న ఆక్సిజన్ కూడా తినేస్తుంది. కొరమేను లెక్క మాత్రం వేరు. అది పైకొచ్చి గాలి పీల్చే జాతి. ఒక గుటక వేసి కిందికి పోతుంటే కంగారుపడకండి.

అపోహ: చేపలు తేలితే సున్నం కొట్టాలి.

సున్నం ఆక్సిజన్ ఇవ్వదు, పీహెచ్ పెంచుతుంది. పీహెచ్ పెరిగితే నీటిలోని అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. పచ్చటి నీటిలో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం మామూలే. దాని మీద సున్నం వేస్తే మిగిలినవీ పోతాయి. పరీక్ష చేయించకుండా సున్నం సంచి విప్పకండి.

అపోహ: నెలకోసారి నీళ్లన్నీ తోడేసి, బ్లీచింగ్‌తో తొట్టి తోమాలి.

అమ్మోనియాని విరిచే బాక్టీరియా ఉండేది గోడల మీద జిగటలోనే, ఫిల్టరులోనే. తోమేస్తే అదీ పోతుంది, నాలుగు రోజుల్లో అమ్మోనియా ఎక్కుతుంది. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చండి, అడుగున మడ్డి తీయండి, చాలు. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు ఆరుబయట తొట్టిలో ఉంచి పోయండి.

లేత పచ్చ నీళ్లు రోగం కాదు. చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించనంత చిక్కబడితేనే జాగ్రత్తపడాలి. గుర్రపు డెక్క కుంటంతా కమ్మనివ్వకండి. సగం నీళ్లకైనా ఆకాశం కనబడాలి. దోమలకి భయపడి కుంట పూడ్చనక్కర్లేదు, గప్పీలు వదిలితే పిల్లపురుగుల్ని అవే తినేస్తాయి.

చివరిగా, "చావని చేప" అని ఎవరో ఇస్తే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తెచ్చి వేసుకునేవాళ్లున్నారు. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది తోటి చేపల్ని మింగేస్తుంది. వానాకాలం కుంట పొంగితే కాలవలో పడి మన మార్పు చేపలకీ కొరమేనులకీ ఎసరు పెడుతుంది. మీ దగ్గర ఉంటే కాలవలో వదలకండి, మీ మండల మత్స్యశాఖ వాళ్లకి చెప్పండి.