కోపకబానా మాత: అపోహలు – వాస్తవాలు

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంత ప్రజల మతాచారాలను అధ్యయనం చేయడం, బోధించడం నా వృత్తి. బొలీవియాలో టిటికాకా సరస్సు ఒడ్డునున్న కోపకబానా ఊరిలో విగ్రహరూపంలో వెలసిన మరియమాత, అంటే కోపకబానా మాత ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒకే మాట విని విసిగిపోయాను.

అపోహ: అక్కడి ఆదివాసులు కొలిచేది పాత దేవతలనే, మరియమాత భక్తి స్పెయిన్ వారికి భయపడి వేసుకున్న ముసుగు.

వాస్తవం: ఆ విగ్రహాన్ని మలచినవాడు స్పెయిన్ వారికి ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఇన్కాల రాజవంశీకుడైన ఫ్రాన్సిస్కో టిటో యుపాంకి. ఆయన మట్టితో చేసిన మొదటి విగ్రహాన్ని ఒక ఫాదర్ పీఠం మీదనుంచి తీయించివేస్తే, ఆయన పొటోసీ నగరానికి వెళ్లి శిల్పవిద్య నేర్చుకుని, మళ్లీ మలిచి, 1583 ఫిబ్రవరి 2న సొంత ఊరిలో ప్రతిష్ఠ జరిగేదాకా విశ్రమించలేదు. ఊరిలోని రెండు వర్గాలలో ఒకటి మరియమాతను కాదని, పునీత సెబాస్టియన్‌నే నిలపాలని పట్టుబట్టింది. ముసుగు కోసం ఎవరూ ఇంత శ్రమపడరు, ఇంతగా వాదులాడుకోరు. అలాగని పాత భక్తి చెరిగిపోలేదు; సరస్సులోని సూర్యద్వీపం ఇన్కాల కాలంలోనే గొప్ప యాత్రాస్థలం, ఆ నేల మీది గౌరవం నేటికీ నిలిచే ఉంది.

ఈ అపోహ వల్ల నలిగిపోయేది భక్తులే. మాత కొలువైన పెద్ద చర్చి (బసిలికా) ముందు కొత్త వాహనాలపై ఫాదర్ తీర్థజలం చల్లిన తరువాత, యజమానులు చక్రాల దగ్గర బీరు పోసి భూమాత పాచామామాకు అర్పిస్తారు. మన వాహనపూజ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఒకసారి, పూలదండలు వేసి రంగుకాగితాలు చల్లిన మినీబస్సు పక్కన, బీరు సీసా మూత తీసి కూడా పోయకుండా నిలబడిపోయిన ఐమారా అనే స్థానిక ఆదివాసీ తెగకు చెందిన ఒక పెద్దావిడ, "ఇది పాపమని మా అబ్బాయి వెళ్లే కొత్త చర్చివాళ్లు అంటున్నారు, మాతకు కోపం వస్తుందా?" అని నన్ను అడిగింది. పాపపుణ్యాలు తేల్చే అధికారం నాకు లేదు. కానీ ఆమె ఎవరినీ మోసగించడం లేదని, తీర్థం చల్లిన ఫాదర్‌ కళ్లెదుటే అందరూ బీరు పోస్తున్నారని గట్టిగా చెప్పాను. ఆమె ముందు చక్రం దగ్గర కొంత పోసి, సిలువ గుర్తు వేసుకుంది.

అపోహ: మాత, పాచామామా ఒక్కరే.

వాస్తవం: అలా భావించేవారూ ఉన్నారు. అయితే ఆ పెద్దావిడకు తీర్థం ఒకరిది, బీరు మరొకరిది.

అపోహ: ఊరేగేది అసలు విగ్రహమే.

వాస్తవం: ఊరేగేది నకలు. అసలు విగ్రహాన్ని కదిలిస్తే సరస్సు పొంగుతుందని స్థానికుల నమ్మకం.

అపోహ: ఈ ఊరి పేరు బ్రెజిల్‌లోని కోపకబానా బీచ్‌ నుంచి వచ్చింది.

వాస్తవం: బ్రెజిల్ నగరం రియో డి జనీరోలో ఈ మాతకు కట్టిన చిన్న గుడి వల్లనే ఆ బీచ్‌కు ఆ పేరు వచ్చింది.