పుంజును రూస్టర్‌గా మార్చింది అమెరికా

పిల్లల పుస్తకంలో కోడిపుంజు బొమ్మ కింద ‘కాక్’ అని ఉంటే అది బూతని, ‘రూస్టర్’ అని దిద్దాలని మళ్లీ కొందరు పట్టుబడుతున్నారు. అమెరికా బడిలో ఆ మాట పలికితే తోటి పిల్లలు నవ్వుతారని వాళ్ల బాధ. అది నిజమైన బాధే. అయితే ఒకటి తప్పు, ఇంకొకటి ఒప్పు అనడానికి చరిత్ర ఒప్పుకోదు.

‘కాక్’ పాత ఇంగ్లిష్ కాలం నుంచీ ఉన్న మాట. మలుపు తిరిగింది అమెరికాలో. చదువు కోసం బోస్టన్‌లో మేనత్త ఇంట ఉన్న ఆనా గ్రీన్ విన్‌స్లో అనే 12 ఏళ్ల పిల్ల 1772లో తన డైరీలో ఒక విందు గురించి రాసింది. పళ్లెంలో కాల్చిన కోళ్లున్నాయట, ఈ రుతువులో అవన్నీ ‘రూస్టర్లే’ అయి ఉంటాయట. ఆ మాట రాతలో దొరికిన తొలి జాడల్లో ఇదొకటి.

అప్పటికే ‘కాక్’కు మగవాడి అంగమన్న అర్థం కూడా వచ్చి చాలాకాలమైంది. ఇంగ్లండ్ రెండర్థాలనూ భరించింది. కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులైన ప్యూరిటన్ల కట్టుబాట్ల మధ్య పెరిగిన న్యూ ఇంగ్లండ్ (బోస్టన్ ఉన్న అమెరికా ఈశాన్య ప్రాంతం) ఇళ్లు భరించలేదు. అందుకే ‘రూస్ట్’ నుంచి కొత్త పేరు కట్టుకున్నారు. రాత్రి కోళ్లు ఎక్కి పడుకునే కొమ్మనో వాసాన్నో రూస్ట్ అంటారు. పెట్టలూ అక్కడే పడుకుంటాయి కదా! పుంజుదనం గురించి ఒక్క ముక్కా చెప్పని ఈ పేరు, చెప్పకూడదనే పుట్టింది. 1600 ప్రాంతంలోనే ఇంగ్లండ్‌లో ‘రూస్ట్ కాక్’ అనేవారు. అమెరికా అందులో రెండో ముక్కను వదిలేసింది.

ఆ జంకు కోళ్ల దగ్గరే ఆగలేదు. బొద్దింక ‘కాక్‌రోచ్’ అక్కడ ఉత్త ‘రోచ్’ అయింది. రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ తండ్రి తన ఇంటిపేరును ఆల్కాక్స్ నుంచి ఆల్కాట్‌గా మార్చుకున్నారు.

బ్రిటన్‌లో కోళ్లు పెంచేవాళ్లు నేటికీ ఏడాది నిండని పుంజును ‘కాకరెల్’ అని, నిండినదాన్ని ‘కాక్’ అని అంటారు. మన బడికి ఇంగ్లిష్ వచ్చింది అక్కడి నుంచే. మన గుడ్ల కోళ్ల హేచరీల్లో వేరుచేసిన మగపిల్లలను మాంసానికి పెంచే రైతులకూ అవి ‘కాక్రెల్’ పిల్లలే. పుస్తకంలో ‘రూస్టర్’ కూడా చేర్చితే పిల్లలకు మేలే. దానికోసం ‘కాక్’ను కొట్టేయనక్కర్లేదు.